కాఫీ ఎవరికి పడదు?

పూర్వం స్వీడన్ దేశాన్ని మూడవ గుస్తావ్ అనే రాజు పాలించాడు. ఆయనకు కాఫీ అంటే గిట్టదు. కాఫీ విషమని ఆయన నమ్మకం. ఆ సంగతి రుజువు చెయ్యటానికి ఆయన ఒక విచిత్రమైన పరీక్ష పెట్టాడని ఒక కథ చెబుతారు.

ఆ సమయంలో మరణశిక్ష పడిన కవలలు ఇద్దరు చెరసాలలో ఉన్నారట. రాజు వాళ్ళను పిలిపించి, "మీకు ప్రాణభిక్ష పెడతాను. అయితే ఒక షరతు. మీలో ఒకడు బతికినన్నాళ్ళూ రోజుకు మూడు కూజాల కాఫీ తాగాలి. రెండోవాడు మూడు కూజాల టీ తాగాలి," అన్నాడట. ఎవడు ముందు చస్తాడో కనిపెట్టి చూడటానికి ఇద్దరు వైద్యులను కూడా నియమించాడట.

ఏళ్ళు గడిచాయి. ముందుగా ఒక వైద్యుడు చనిపోయాడు. తరవాత రెండో వైద్యుడూ చనిపోయాడు. 1792లో రాజుగారిని శత్రువులు ముసుగుల నాట్యోత్సవంలో తుపాకితో కాల్చగా ఆయనా మరణించాడు. ఖైదీలు మటుకు నిక్షేపంగా ఉన్నారు! చివరకు టీ తాగినవాడే, 83వ ఏట, ముందు పోయాడట.

రాజు మరణం చరిత్ర. కవలల సంగతి కేవలం కథ. అయినా ఆ కథలో మనం నేర్చుకోవలసినది ఒకటి ఉన్నది. రాజు వేసిన ప్రశ్నే సరి అయినది కాదు. "కాఫీ విషమా, కాదా?" అని అడిగితే జవాబు దొరకదు. "ఏ మనిషికి? ఎంత? ఏ వేళ?" అని అడగాలి. ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి ఏ అపకారమూ చెయ్యని కాఫీయే మరొకరికి అపకారం చేస్తుంది. మన ఇళ్ళలో తెల్లవారగానే ఒకే ఫిల్టరులో దిగిన డికాక్షనును ఇంటిల్లిపాదికీ కలుపుతారు. డికాక్షను ఒకటే గాని, తాగేవారి శరీరాలు ఒకటి కావు.

గింజలో ఏమున్నది?

కాఫీ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా. అక్కడ కాల్ది అనే కాపరి మేకలు ఏవో ఎర్రని పళ్ళు మేసి గంతులు వేశాయనీ, అలా కాఫీ సంగతి లోకానికి తెలిసిందనీ ఒక పాత కథ. 15వ శతాబ్దంలో యెమెన్ దేశపు సూఫీలు రాత్రివేళ ధ్యానంలో నిద్ర రాకుండా ఉండటానికి కాఫీ తాగేవారు. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే ఫకీరు మక్కా యాత్ర నుంచి తిరిగివస్తూ, యెమెన్ నుంచి 7 గింజలు రహస్యంగా తెచ్చి, చిక్కమగళూరు కొండలలో నాటాడని చెబుతారు. ఆ కొండలను ఈనాటికీ బాబా బుడన్ గిరి అనే పిలుస్తారు. మన ఆంధ్రప్రదేశ్‌లో అరకు లోయ గిరిజన రైతులు చెట్ల నీడన కాఫీ పండిస్తున్నారు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

అయితే కాఫీ గింజలో నిద్రను పోగొట్టేది ఏమిటి? దాన్ని కనిపెట్టటానికి ఒక పిల్లి కారణమయింది.

1819లో జర్మనీలో రూంగే అనే యువకుడు ఉండేవాడు. మన ఉమ్మెత్తకు చుట్టమైన బెల్లడోనా అనే విషపు మొక్క రసం కంటిలో పడితే కనుపాప విశాలమవుతుందని అతను గమనించాడు. ఈ సంగతి మహాకవి గేటే చెవిని పడింది. గేటేకు శాస్త్రమన్నా ప్రాణమే. ఆయన చూడాలన్నాడు. రూంగే మంచి దుస్తులు వేసుకుని, చంకలో పిల్లిని పెట్టుకుని కవిగారి దర్శనానికి వెళ్ళాడు. పిల్లికి ఒక కనుపాప సన్నని గీతలాగా ఉన్నది. రసం వేసిన రెండోది గుండ్రంగా పెద్దదిగా ఉన్నది. గేటే సంతోషించి, "వీటిలో ఏమున్నదో కూడా తేల్చు," అంటూ తన దగ్గిర ఉన్న అపురూపమైన కాఫీ గింజలు అతనికి బహూకరించాడు. రూంగే ఆ గింజలతో పనిచేసి తెల్లని చేదు పదార్థాన్ని వేరుచేశాడు. అదే కెఫీన్. ఇది కాఫీలోనే కాదు; టీలోనూ, కోలా పానీయాలలోనూ, కొద్దిగా చాకొలెట్‌లోనూ కూడా ఉన్నది.

తాళంలో ఇరుక్కున్న తాళంచెవి

మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడు పని చేస్తూనే ఉంటుంది. ఆ పనిలో అడినోసిన్ అనే పదార్థం పుట్టి క్రమంగా పోగవుతుంది. మెదడు కణాల మీద దీనికోసం ప్రత్యేకంగా తాళాల వంటివి ఉన్నాయి. అడినోసిన్ తాళంచెవిలాగా వాటిలో దూరి తిరిగితే, "ఇక చాలు, పడుకో," అన్న కబురు అందుతుంది. మనకు ఆవులింతలు వస్తాయి.

కెఫీన్ రూపం కొంచెం అడినోసిన్‌ను పోలి ఉంటుంది. అది కూడా ఆ తాళంలో దూరుతుంది. కాని తిరగదు! అసలు తాళంచెవికి చోటు లేకుండా చేస్తుంది. నిద్ర కబురు అందదు. అందుకే కాఫీ తాగితే బడలిక పోయినట్టుంటుంది. నిజానికి బడలిక పోలేదు. అప్పులవాడు తలుపు తడుతూ ఉంటే మనం చెవిలో దూది పెట్టుకున్నట్టు, వినపడటం మానింది, అంతే. అప్పు అలాగే ఉన్నది.

ఈ తాళాలు మెదడులోనే కాక గుండెలోనూ, రక్తనాళాలలోనూ కూడా ఉన్నాయి. అడినోసిన్ గుండెను నిదానింపజేస్తుంది. కెఫీన్ దానికి అడ్డుపడుతుంది. కనకనే కాఫీ వల్ల కొందరికి గుండెదడా, చేతుల వణుకూ కలుగుతాయి.

ఎంతసేపు ఉంటుంది?

మనం తాగిన కెఫీన్‌ను కాలేయం విరగగొట్టి బయటికి పంపుతుంది. పెద్దవారిలో సగం కెఫీన్ పోవటానికి సుమారు 5 గంటలు పడుతుంది. లెక్క వేసి చూడండి. సాయంకాలం 5 గంటలకు ఒకరు 100 మిల్లీగ్రాముల కెఫీన్ ఉన్న కాఫీ తాగారనుకోండి. రాత్రి 10 గంటలకు వారి శరీరంలో ఇంకా 50 మిల్లీగ్రాములు ఉంటుంది. తెల్లవారుజామున 3 గంటలకు కూడా 25 మిల్లీగ్రాములు మిగిలే ఉంటుంది!

ఈ 5 గంటల లెక్క అందరికీ ఒకటి కాదు. పొగతాగేవారిలో కెఫీన్ త్వరగా పోతుంది. కాలేయం బాగా దెబ్బతిన్నవారిలో ఆలస్యంగా పోతుంది. నెలలు నిండిన గర్భవతిలో సగం పోవటానికి 15 గంటల దాకా పట్టవచ్చు. అప్పుడే పుట్టిన బిడ్డ కాలేయం ఇంకా ఈ పని నేర్చుకోలేదు కనక, ఆ బిడ్డ ఒంట్లో సగం పోవటానికి సుమారు 80 గంటలు, అంటే 3 రోజులకు పైగా పడుతుంది.

ఎంతవరకు ఫరవాలేదు?

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. ఇది 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. భారతీయులు ఏమి తినాలో, ఎంత తినాలో ఈ సంస్థవారు చెబుతారు. 2024లో వారు ప్రచురించిన సూచనల ప్రకారం మనిషి శరీరంలోకి రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి కెఫీన్ పోకూడదు. 150 మిల్లీలీటర్ల డికాక్షను కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, అప్పటికప్పుడు కలుపుకునే పొడి కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందని వారి లెక్క. అంటే చిక్కని ఫిల్టరు కాఫీ మూడు కప్పులు తాగితే హద్దు చేరినట్టే.

ఈ హద్దులో ఉంటే ఆరోగ్యవంతులైన పెద్దలు భయపడవలసినది లేదు. కాఫీ మితంగా తాగేవారిలో కాలేయ వ్యాధులూ, పెద్ద వయసులో వచ్చే మధుమేహమూ కాస్త తక్కువగా కనిపిస్తున్నాయి కూడా. ఒకప్పుడు, 1991లో, కాఫీ వల్ల మూత్రాశయంలో పుట్టకురుపు వస్తుందేమోనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన నిపుణులు అనుమానపడ్డారు. 2016లో ఆ అనుమానం తీసేశారు. కాని ఏ పానీయమైనా 65 డిగ్రీలకు మించిన వేడితో తాగితే ఆహారనాళానికి ప్రమాదమని అప్పుడే హెచ్చరించారు. కనక పొగలు కక్కే కాఫీని ఊదుకుంటూ గుటకలు వెయ్యటం వీరత్వం కాదు. ఒకసారి తిరగబోసి, చల్లార్చి తాగాలి.

ఇక కాఫీ పడనివారు ఎవరో చూద్దాం.

రక్తం తక్కువైనవారు

మన దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. 6 నెలలు దాటి, 5 ఏళ్ళు నిండని పిల్లలలో నూటికి 67 మందికి ఉన్నది. అంటే తరగతిలో 40 మంది పెద్ద ఆడపిల్లలు కూచుంటే అందులో 23, 24 మందికి ఒంట్లో చాలినంత రక్తం లేదన్నమాట. రక్తం తక్కువైతే మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, కళ్ళు తిరుగుతాయి, చదువు మీద మనసు నిలవదు. "మా అమ్మాయికి బద్ధకం," అని తల్లిదండ్రులు విసుక్కుంటారు. అది బద్ధకం కాదు, జబ్బు.

రక్తం ఎర్రగా ఉండటానికీ, ప్రాణవాయువును మోయటానికీ ఇనుము కావాలి. తోటకూర, మునగాకు, పప్పులు, మాంసం మొదలైన వాటి నుంచి మనకు ఇనుము లభిస్తుంది. కాఫీలోనూ టీలోనూ ఉండే వగరు పదార్థాలు ఈ ఇనుమును పట్టుకుని, ఒంటికి పట్టకుండా చేస్తాయి.

ఎలాగో తెలియాలంటే మన తాతల కాలపు సిరా సంగతి తెలుసుకోవాలి. పూర్వం కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి నల్లని సిరా చేసేవారు. అన్నభేది అంటే ఇనుము గల ఒక లవణం. కరక్కాయ వగరు. వగరూ ఇనుమూ కలిస్తే నల్లగా, విడదీయరానంతగా పెనవేసుకుంటాయి. ఇప్పుడు వినండి: రక్తం పట్టటానికి ఇచ్చే మాత్రలు చాలావాటిలో ఉండేది ఆ అన్నభేదే! బళ్ళలో వారానికి ఒకసారి చిన్నపిల్లలకు గులాబిరంగు మాత్ర, పెద్దపిల్లలకు నీలిరంగు మాత్ర ఇస్తారు. ఆ మాత్ర మింగి, వెంటనే కాఫీయో టీయో తాగితే కడుపులో సిరా తయారైనంత పని అవుతుంది. ప్రభుత్వం ఇచ్చిన మాత్ర అలా కొంత వృథా అయిపోతుంది.

1983లో అమెరికాలో కొందరు పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. మాంసమూ రొట్టె గల భోజనంతోపాటు ఒక కప్పు కాఫీ తాగినవారికి, ఆ భోజనంలో నుంచి ఒంటికి పట్టే ఇనుము నూటికి 39 వంతులు తగ్గిపోయింది. టీ తాగినప్పుడు 64 వంతులు తగ్గింది! భోజనానికి గంట ముందు తాగిన కాఫీ మటుకు ఏమీ చెయ్యలేదు. కాని భోజనమైన గంటకు తాగిన కాఫీ, భోజనంతోపాటు తాగినంత నష్టమూ చేసింది. తిన్న అన్నం గంటలో కడుపు దాటిపోదు గదా!

జాతీయ పోషకాహార సంస్థవారు కూడా, భోజనానికి ముందూ వెనకా కనీసం ఒక గంటసేపు కాఫీ, టీలు తాగవద్దన్నారు. రక్తహీనత ఉన్నవారు భోజనమయ్యాక ఇంకా ఎక్కువసేపు ఆగటం మంచిది. ఇడ్లీ తిన్న చేత్తోనే కాఫీ గ్లాసు అందుకునే అలవాటు వారికి పనికిరాదు. దానికి బదులు నిమ్మకాయ, జామకాయ, ఉసిరికాయ తింటే, వాటిలోని సి విటమిన్ ఇనుము ఒంటికి పట్టటానికి సాయం చేస్తుంది.

పిల్లలు

"ఒక్క గుక్కేగా!" అని ముద్దుకొద్దీ పసివాళ్ళకు కాఫీ పట్టే ఇళ్ళున్నాయి. 60 కిలోల తండ్రి తాగిన కప్పు కాఫీనే 20 కిలోల పిల్లవాడు తాగితే, బరువునుబట్టి వాడికి అందే కెఫీన్ మూడింతలు. కెనడా ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు, పిల్లల ఒంటి బరువు కిలోకు 2.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నారు. అంటే 20 కిలోల పిల్లవాడికి రోజు మొత్తానికి 50 మిల్లీగ్రాములు. చిక్కని కాఫీ అర గ్లాసుతోనే అది పూర్తి అవుతుంది. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘంవారు ఆ మాత్రమూ వద్దనే అంటారు.

పిల్లలు నిద్రలోనే పెరుగుతారు. పగలు చదివినది మనసులో స్థిరపడేదీ నిద్రలోనే. ఆ నిద్రను కాఫీ తగ్గిస్తుంది. పైగా కాఫీతో కడుపు నిండితే పాలూ, తిండీ తగ్గుతాయి. ఈ మధ్య దుకాణాలలో "శక్తినిచ్చే పానీయాలు" అని రంగురంగుల డబ్బాలు అమ్ముతున్నారు. అవి ఇచ్చేది శక్తి కాదు, కెఫీనూ, పంచదారా. అవి పిల్లలకు తగవని ఆ డబ్బాల మీదనే సన్నని అక్షరాలలో రాసి ఉంటుంది. ఈసారి డబ్బా తిప్పి చదవండి.

ఇక్కడ ఒక వింత. నెలలు నిండకుండా పుట్టిన కొందరు బిడ్డలు మధ్య మధ్య ఊపిరి తీయటం మరిచిపోతారు. అలాంటివారికి ఆస్పత్రిలో వైద్యులు ఇచ్చే మందు కెఫీనే! వైద్యుడు కొలిచి ఇస్తే ప్రాణం పోసేది, మనం కొలవకుండా పోస్తే హాని చేస్తుంది.

గర్భవతులు

తల్లి తాగిన కెఫీన్ కడుపులోని బిడ్డకు చేరుతుంది. తల్లిలో అది ఆలస్యంగా పోతుందని ముందే చెప్పుకున్నాం. బిడ్డ దాన్ని విరగగొట్టలేదు. కెఫీన్ ఎక్కువైతే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉన్నది. రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి తీసుకునే గర్భవతులు తగ్గించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఐరోపా ఆహార నిపుణులు 2015లో 200 మిల్లీగ్రాములనే హద్దు పెట్టారు. పైగా గర్భవతులు ఇనుము మాత్రలు మింగుతూ ఉంటారు. కాఫీతో ఆ మాత్ర మింగటం అసలే కూడదు. పాలిచ్చే తల్లులు కూడా మితం పాటించాలి. పాలద్వారా కెఫీన్ కొద్దిగా బిడ్డకు పోతుంది.

రక్తపుపోటు, గుండెజబ్బు ఉన్నవారు

కాఫీ తాగిన కొద్దిసేపటికి రక్తపుపోటు కొంచెం పెరుగుతుంది. రోజూ తాగేవారిలో ఈ పెరుగుదల స్వల్పం. కాని పోటు బాగా ఎక్కువగా ఉన్నవారి మాట వేరు. జపానులో 18 వేలకు పైగా జనాన్ని చాలా ఏళ్ళు గమనించి, 2022లో ఫలితాలు ప్రకటించారు. పోటు 160/100 గాని అంతకు మించి గాని ఉండి, రోజుకు రెండు కప్పులూ ఆపైన కాఫీ తాగేవారిలో, కాఫీ తాగనివారికన్నా గుండెజబ్బు, పక్షవాతాల మరణాలు రెట్టింపు కనిపించాయి. ఒక్క కప్పుతో ఆపినవారిలో అలా కనిపించలేదు. పోటు చూపించుకునే ముందు అరగంట దాకా కాఫీ తాగకూడదు. తాగితే లెక్క తప్పు వస్తుంది.

గుండె లయ తప్పేవారందరికీ కాఫీ నిషేధం కాదు. కాని తాగినప్పుడల్లా దడ వచ్చేవారు మానుకోవాలి. హఠాత్తుగా గుండె పరుగెత్తినప్పుడు దాన్ని నిదానింపజెయ్యటానికి వైద్యులు కొందరికి అడినోసిన్‌నే సూదిమందుగా ఇస్తారు. తాళాలలో ముందే కెఫీన్ దూరి ఉంటే ఆ మందు సరిగా పనిచెయ్యదు! గుండె పరీక్షలు కొన్నిటికి ముందు 12 నుంచి 24 గంటలు కాఫీ మానమనేది కూడా ఇందుకే.

కడుపుమంట, నిద్రలేమి, కంగారు

పులితేన్పులూ గుండెమంటా ఉన్నవారిలో చాలామందికి కాఫీ పడదు. కాఫీ కడుపులో ఆమ్లాన్ని ఊరిస్తుంది. కొందరిలో కడుపుకూ ఆహారనాళానికీ మధ్య ఉండే మూతిని వదులు చేస్తుంది. అప్పుడు ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. కెఫీన్ తీసేసిన కాఫీ కూడా ఆమ్లాన్ని ఊరించగలదు. కడుపులో పుండు ఉన్నవారు పరగడుపున కాఫీ తాగటం నిప్పు మీద నెయ్యి పొయ్యటమే.

నిద్రపట్టనివారు తమ కాఫీ వేళలు చూసుకోవాలి. 2013లో ప్రకటించిన ఒక పరిశోధనలో, పడుకోబోయే 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నవారికి కూడా గంటకు పైగా నిద్ర తగ్గిపోయింది. పరీక్షల రోజులలో రాత్రిళ్ళు కాఫీ తాగి చదివేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చదివే గంటలు పెరిగినట్టే ఉంటుంది; జ్ఞాపకం ఉంచే నిద్ర తరిగిపోతుంది.

ఊరికే కంగారుపడేవారికీ, హఠాత్తుగా భయం ముంచుకొచ్చే జబ్బు ఉన్నవారికీ కాఫీ ఆ భయాన్ని రెచ్చగొడుతుంది. నీటికాసులు అనే కంటిజబ్బు ఉన్నవారికి కంటిలోని ఒత్తిడిని కొంతసేపు పెంచుతుంది. మూత్రం ఆపుకోలేనివారికి ఇబ్బంది ఎక్కువ చేస్తుంది. వీరందరూ తమ వైద్యులను అడిగి నడుచుకోవాలి. మధుమేహం ఉన్నవారికి కాఫీకన్నా అందులోని పంచదార శత్రువు. కప్పుకు రెండు చెంచాల చొప్పున నాలుగు కప్పులు తాగితే, 30 గ్రాములకు పైగా పంచదార లోపలికి పోతుంది.

మందులు వాడేవారు

థైరాయిడ్ మాత్రను పరగడుపున మంచినీళ్ళతో మింగాలి. వెంటనే కాఫీ తాగితే మాత్ర ఒంటికి సరిగా పట్టదు. అరగంట నుంచి గంట దాకా ఆగాలి. కొన్ని జ్వరాలకు, చీము రోగాలకు వాడే సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు, కెఫీన్‌ను కాలేయం విరగగొట్టకుండా అడ్డుపడుతుంది. అప్పుడు ఒక కప్పు తాగినా రెండు కప్పులు తాగినట్టు దడ పుడుతుంది. ఉబ్బసానికి ఇచ్చే థియోఫిలిన్ కెఫీన్‌కు స్వయానా తోబుట్టువు వంటిది. రెండూ కలిస్తే వణుకూ, దడా పెరుగుతాయి. కొత్త మందు రాసినప్పుడు, "దీనితో కాఫీ తాగవచ్చునా?" అని అడగటం మంచి అలవాటు.

ఎలా మానాలి?

ఉపవాసం నాడు కాఫీ కూడా మానిన నాయనమ్మకు మధ్యాహ్నానికల్లా తల పగిలిపోతుంది. అది ఆకలి వల్లనే అనుకుంటారు. తరచు అది కాఫీ లేక వచ్చిన తలనొప్పే. అలవాటుపడిన శరీరం కొత్త తాళాలు తయారుచేసుకుని ఉంటుంది. కెఫీన్ రాని రోజున అడినోసిన్ వాటన్నిటినీ ఒక్కసారిగా ఆక్రమిస్తుంది. ఈ తలనొప్పి కాఫీ మానిన 12 నుంచి 24 గంటలలో మొదలై, 2 నుంచి 9 రోజుల దాకా ఉండవచ్చు. ప్రమాదమేమీ లేదు. ఒక్కసారిగా మానక, రెండు మూడు వారాలలో కొంచెం కొంచెంగా తగ్గిస్తే ఆ బాధా ఉండదు.

గ్లాసు చిన్నది చెయ్యవచ్చు. డికాక్షను తగ్గించి పాలు పెంచవచ్చు. కాఫీపొడిలో కలిపే చికోరీలో కెఫీన్ లేదు. అది ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి. కనక చికోరీ పాలు పెరిగినకొద్దీ కెఫీన్ తగ్గుతుంది. కెఫీన్ తీసేసిన కాఫీ కూడా దొరుకుతుంది. అందులో కొద్దిగా మిగిలే ఉంటుంది గాని, దడ పుట్టించేటంత కాదు.

చేసి చూడండి

ఒక గాజుగ్లాసులో పాలు కలపని పల్చని టీ నీళ్ళు పొయ్యండి. అందులో తుప్పు పట్టిన మేకులు రెండు మూడు వేసి ఒకటి రెండు రోజులు కదల్చకుండా ఉంచండి. నీళ్ళు నల్లబడతాయి. అదే తాతలనాటి సిరా! కాఫీతో కూడా ఇలాగే జరుగుతుంది గాని, కాఫీ ముందే నల్లగా ఉంటుంది కనక మార్పు కంటికి ఆనదు. ఇప్పుడు ఆ నల్లని నీళ్ళలో నిమ్మరసం పిండండి. నలుపు చాలామటుకు విరిగిపోతుంది. అన్నంలో నిమ్మరసం ఎందుకు మంచిదో మీకే తెలుస్తుంది. ఈ నీళ్ళు రుచి చూడకూడదు. మేకులను పెద్దవాళ్ళ ఎదుటనే పట్టుకోవాలి.

తరవాత ఒక కాగితం తీసుకుని, ఇంట్లో ఉన్న వారందరి పేర్లూ వరసగా రాయండి. ఒక్కొక్కరి పేరు పక్కన నాలుగు సంగతులు రాయండి: రోజుకు ఎన్ని కప్పులు? చివరి కప్పు ఏ వేళ? తిన్న తరవాత ఎంతసేపటికి? ఏ మందు వాడుతున్నారు? ఇప్పుడు ఆ కాగితాన్ని పైన చెప్పిన విషయాలతో సరిచూడండి. పెద్దలకు మీరు వైద్యం చెయ్యనక్కర్లేదు. కాగితం వాళ్ళ చేతికిస్తే చాలు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు దాన్ని వెంట తీసుకుపొమ్మనండి. ముఖ్యంగా ఇంట్లో అక్కయ్య ఇనుము మాత్రను కాఫీతో మింగుతూ ఉంటే, ఆ సంగతి ఇవాళే చెప్పండి. రేపటి మాత్ర మంచినీళ్ళతో దిగితే, దానిలోని ఇనుము రక్తంలోకి చేరుతుంది.